నల్లబండి మూల

కార్లు కడిగి మెరుగుపెట్టే ఆ షెడ్డులో వెనక ఎడమవైపు మూలకు నల్లబండి మూల అని పేరు. అక్కడ పైన రెండు ట్యూబులైట్లు పక్కపక్కనే బిగించి ఉంటాయి. గోడకు ఒక మేకు, దాని కింద ఒక పొట్టి పీట. నలుపు గానీ ముదురు నీలం గానీ, ముదురు రంగు బండి ఏది వచ్చినా ఆ మూలకే తోస్తారు. మిగతా బండ్లను ఎవరైనా తుడవచ్చు. ఆ మూలలో నిలబెట్టిన బండి మీద మాత్రం ఒక్కరి చెయ్యే పడాలి. షెడ్డు పెట్టిన పెద్దాయన చేసిన కట్టుబాటు అది. తెల్లబండి మీద పిల్లి పడుకుని లేచినా తెలియదు గానీ, నల్లబండి మీద దోమ నడిచినా గీత కనబడుతుందనేవాడు ఆయన.

ఆయన పోయాక ఆ చెయ్యి ఆయన కూతురిదైంది. ఆమెను అందరూ అక్క అంటారు. నిజానికి అలా పిలవాల్సినవాడు తమ్ముడొక్కడే. వాడి నోట విని పక్క కొట్టువాళ్ళూ, బండ్లవాళ్ళూ, తలనెరిసినవాళ్ళతో సహా అక్కా అనడమే అలవాటు చేసుకున్నారు. ఆమె బడి మానెయ్యడం కూడా ఎవరూ అనుకుని చేసింది కాదు. ఒకరోజు నాన్నకు అన్నం క్యారేజీ తెచ్చి, ఆయన తినేదాకా ఆగుదామని పొట్టి పీట మీద కూర్చుంది. ఆ పూట సాయంత్రందాకా లేవలేదు. మర్నాడూ అంతే. కొన్నాళ్ళకు బడే ఆమెను మరిచిపోయింది.

నాన్న ఆమెకు నేర్పింది కాస్తే. గుడ్డను ముందు బుగ్గకు రాసుకుని చూడాలి. బుగ్గకు గరుకు తగిలితే అది నల్లబండికి పనికిరాదు. కింద పడిన గుడ్డ ఎంత కొత్తదైనా సరే, దాని కథ ముగిసినట్టే. కొత్త మందు ఏది వాడినా ముందు తలుపు తీసి, లోపలి అంచున ఎవరికీ కనపడని చోట ఒక చుక్క వేసి చూడాలి. గట్టిపడ్డ తారు, జిగురు లాంటివి గోకకూడదు, బొటనవేలి మెత్తటి భాగంతో నిదానంగా దొర్లించాలి. ఇంతే. మిగిలింది వేలే నేర్చుకోవాలి అన్నాడు. వేలు నేర్చుకుంది. అక్క కుడి బొటనవేలి మీద చర్మం అరిగి నున్నగా తయారై, గాజుగ్లాసు పట్టుకున్నా ముద్ర పడేది కాదు. ఆ వేలంటే ఆమెకు లోలోపల గర్వం. పైకి ఎప్పుడూ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు కూడా, మరదలు వచ్చేదాకా.

తమ్ముడు పెళ్ళాడిన పిల్ల అంతకుముందు కళ్ళద్దాల కొట్లో పనిచేసేది. అద్దాలు తుడిచి, ఫ్రేముల్లో బిగించి, కొనేవాళ్ళ ముక్కు మీద పెట్టి సరిచూడటం ఆమె పని. సన్నగా, మాట మెత్తగా, నడిచినా చప్పుడు కాకుండా ఉండేది. మొదట్లో షెడ్డు ముందు టేబులు దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చేది. తర్వాత బండ్ల అద్దాలు తుడవడం మొదలుపెట్టింది. ఒకరోజు ఒకేసారి రెండు ముదురు బండ్లు వచ్చిపడితే, కట్టుబాటు పక్కనపెట్టి తమ్ముడు ఆమెతో కూడా పని చేయించాడు. డాక్టరుగారి నల్లబండికి ఒక వైపు అక్క, స్టీరింగు వైపు మరదలు.

గుడ్డను ముందు బుగ్గకు రాసుకుని చూసింది ఆ పిల్ల. ఎవరూ చెప్పలేదు. కళ్ళద్దాల కొట్లో అలవాటట. అది చూడగానే అక్క మొహం తిప్పేసుకుంది. తనకు నాన్న చేతిమీదుగా వచ్చిన విద్య ఇంకొకరికి ఊరికే, ఎక్కడో జీతానికి చేస్తూ వచ్చేసిందంటే ఎవరికైనా ఎలా ఉంటుంది?

ఆ తర్వాత మూల కొద్దికొద్దిగా చేతులు మారింది. తమ్ముడు ఒకనాడు చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"అక్కా, నువ్వు కొన్నాళ్ళు లేతరంగు బండ్లు చూసుకో. మోకాళ్ళు నొప్పులంటున్నావు కదా."

"నేనెప్పుడన్నాను?"

"మొన్న మెట్లెక్కుతూ అన్నావుగా."

"మెట్లెక్కుతూ అందరూ అంటారురా. మెట్లు ఉన్నదే అందుకు."

వాడు నవ్వాడు గానీ మాట వెనక్కి తీసుకోలేదు. నాన్న బద్ద తీసుకెళ్ళి భార్య చేతిలో పెట్టాడు. పాత ప్లాస్టిక్ స్కేలు విరిచి, అంచు రాయి మీద గుండ్రంగా అరగదీసి నాన్న చేసుకున్న బద్ద అది. జిగుర్లు లేపడానికి అంతకన్నా మంచి పనిముట్టు లేదు. అందులో అక్క బొటనవేలు ఆనే చోట చిన్న పల్లం కూడా పడింది.

మరదలు మాత్రం మూలలో అక్క ఏప్రన్ వేలాడే మేకుకు తన ఏప్రన్ తగిలించలేదు. వదినది కదా అని పక్కన ఇంకో మేకు కొట్టుకుంది. అక్క తన ఏప్రన్ ముందువైపుకు మార్చేసింది కాబట్టి, మూలలో ఆ పాత మేకు ఖాళీగా ఉండిపోయింది. దాన్ని చూసినప్పుడల్లా అక్కకు ఒళ్ళు మండేది. తగిలించుకున్నా బాగుండేది, తిట్టుకోవడానికి ఒక కారణమైనా దొరికేది. పైగా ఒకరోజు ఆ పిల్ల నెమ్మదిగా అంది.

"వదినా, ఒకసారి కళ్ళు చూపించుకోండి. మా కొట్లో తెలిసినాయన ఉన్నారు, నేను తీసుకెళ్తాను."

"నా కళ్ళకేం? నిక్షేపంలా ఉన్నాయి," అంది అక్క. "నీ మొహం మీద మచ్చలన్నీ కనబడుతున్నాయి."

మరదలి మొహం మీద మచ్చలు లేవు. అదీ అక్కకు తెలుసు.

*

ఆ రోజు తమ్ముడు పాలిష్ మిషను రిపేరుకు పట్టుకెళ్ళాడు. షెడ్డులో ఆడవాళ్ళిద్దరే ఉన్నారు. అక్క ముందువైపు ఒక తెల్లబండికి సబ్బు పూస్తోంది. అప్పుడొచ్చింది డాక్టరుగారి నల్లబండి. దాన్ని నడిపే డ్రైవరు, నాన్న ఉన్నప్పటినుంచీ వచ్చే మనిషి. అక్క ఆయన్ని బాబాయి అని పిలుస్తుంది. ఆయన దిగీదిగగానే అందుకున్నాడు.

"చూడమ్మాయ్ ఈ ఘోరం! రాయి తగిలి ముందద్దం పగిలింది, కొత్తది బిగించరా బాబూ అంటే, వాడు అద్దంతోపాటు బండిని కూడా అతికించి పంపాడు."

అద్దం చుట్టూ పెట్టే నల్ల సీలెంటు జిగురు పొంగి, టాపు అంచున తాడులా గడ్డకట్టింది. స్టీరింగు వైపు కిందకు కారి, ముందు చక్రం మీది ఫెండరు రేకు పైకి వచ్చింది. అద్దాలవాడు దాన్ని పెట్రోలు గుడ్డతో తుడిచినట్టున్నాడు. అది పోకపోగా అరచెయ్యంత మేర పలచగా పరుచుకుని ఎండిపోయింది. నలుపు మీద నలుపు కాబట్టి ఎదురుగా నిలబడితే ఏమీ తెలియదు. పక్కనుంచి వంగి చూస్తే, నత్త పాకి వెళ్ళిన జాడలా మసకగా తేలుతుంది.

అక్క చేతులు తుడుచుకుని వంగి చూస్తూ, "సాయంత్రానికి అయిపోతుంది బాబాయ్," అంది. ఆ క్షణంలో మూల సంగతీ తమ్ముడి సంగతీ మరిచిపోయింది.

"అవుతుందిలే అమ్మా. ఏమనుకోకు, కిందటిసారి నా వైపు చేసింది ఆ అమ్మాయే కదూ? తలుపు మీద నా మీసం వెంట్రుకలు లెక్కపెట్టుకున్నాననుకో. ఆ చెయ్యే పడితే బాగుంటుంది."

"మరి అవతలి వైపు?" ఆగలేకపోయింది అక్క.

"అవతలి వైపు కూడా బాగుంది. బాగాలేదని ఎవరన్నారు?"

ఆయన ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ 'కూడా' మాత్రం అక్కను వదల్లేదు.

మరదలు బండిని మూలకు చేర్చింది. లైట్లు వేసింది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు తెచ్చి, గడ్డకట్టిన సీలెంటును వెచ్చబరిచింది. నాన్న బద్దను రంగుకు దాదాపు ఆనించినట్టు వాలుగా పట్టి నెట్టింది. నల్లతాడు ఒక చివర లేచి, చుట్టలు చుట్టుకుంటూ, ఎక్కడా తెగకుండా ఊడి వచ్చింది. అక్క తెల్లబండి బానెట్ మీద స్పాంజి ఒకేచోట తిప్పుతూ అదంతా చూసింది. తెగుతుంది, ఇప్పుడు తెగుతుంది అని చూసింది. తెగలేదు. తను చేసినా ఆ మలుపు దగ్గర ఒక్కసారైనా తెగేదని ఆమెకు తెలుసు. స్పాంజి పిండితే సబ్బునీళ్ళు చీర మీదే కారాయి.

టాపు శుభ్రమైంది. ఇక ఫెండరు మీది పలచటి పొర మిగిలింది. మరదలు దాని మీద నూనె రాసి బొటనవేలితో దొర్లించింది. అంచుల్లో కొంచెం లేచింది, మధ్యలో కదల్లేదు. టర్పెంటాయిలు పట్టించి చూసింది. గుడ్డకు కాస్త మసి అంటింది గానీ, మచ్చ అలాగే ఉంది. నడుం పట్టుకుని నిలబడి ఆలోచించి, అలమర దగ్గరకు వెళ్ళింది. ఆ షెడ్డులో సీసాలన్నీ ఒకే రకం, మూతల్లోనే తేడా. నీలం మూతది సబ్బునీళ్ళు, ఎర్ర మూతది రంగు కరిగించే థిన్నరు. ఆమె ఎర్ర మూతది తీసింది.

నేర్చుకున్నట్టే చేసింది. తలుపు తీసి, లోపలి అంచున గుడ్డతో ఒక చుక్క అద్ది, ఆగి, తుడిచి చూసింది. రంగు చెక్కు చెదరలేదు. గుడ్డ శుభ్రంగా ఉంది.

అక్క చేతిలో స్పాంజి ఆగిపోయింది.

తలుపు అంచు మీది రంగు కంపెనీ వేసింది. ఫెండరు మీది రంగు మాత్రం వెనక సందులో పెయింటరు వేసింది. ఏళ్ళ కిందట ఈ డ్రైవరే బండిని ఆసుపత్రి గేటు స్తంభానికి రాశాడు. ఏడుపు మొహంతో షెడ్డుకు వచ్చి నాన్న చేతులు పట్టుకున్నాడు. డాక్టరుగారికి తెలియకుండా రేకు సరిచేయించి, పైన అక్కడికక్కడ ఆరిపోయే మామూలు రంగు కొట్టించారు. కంపెనీ రంగు కొలిమిలో కాలినట్టు గట్టిగా ఉంటుంది. ఇది అలా కాదు, థిన్నరు తగిలితే మెత్తబడిపోతుంది. తలుపు అంచున చూసుకుంటే ఆ సంగతి తెలియదు. ఆ బండి విషయంలో నాన్న పరీక్ష పనికిరాదని తెలిసింది ఇప్పుడు ఆ పెయింటరు కాక ఇద్దరికే, అక్కకూ ఆ డ్రైవరుకూ. తమ్ముడు అప్పటికింకా బడికి వెళ్ళే పిల్లవాడు.

మరదలు ఇటు తిరిగింది.

"వదినా, అంచున పెట్టి చూశాను, ఏమీ కాలేదు. ఫెండరు మీద వాడొచ్చంటారా?"

'వద్దు' అన్న మాట అక్క నాలుక చివరదాకా వచ్చింది. ఆ వెనకే నాన్న మాట వచ్చింది. ఈ సంగతి షెడ్డు దాటకూడదని ఆయన ఒట్టేయించుకున్నాడు. అక్క ఆ మాటను గట్టిగా పట్టుకుంది. మాటంటే మాటే కదా, పెద్దాయన పోయాక ఇంకా బరువు కదా అనుకుంది. మరదలు నిలబడిందీ షెడ్డులోనే కదా అన్న ఆలోచన రాకపోలేదు. వచ్చినదాన్ని పక్కకు తోసేసింది.

"పద్ధతి ప్రకారం చూసుకున్నావు. మళ్ళీ నన్నడగడం దేనికి?" అంది. "నా చెయ్యి మీదా నా కళ్ళ మీదా ఎవరికీ నమ్మకం లేదుగా."

మరదలు మొహం చిన్నబుచ్చుకుని అటు తిరిగింది.

అక్క తెల్లబండి లైటు దగ్గరకు వెళ్ళి కూర్చుంది. కొంచెమే కదా వాడుతుంది, చటుక్కున తుడిచేస్తే ఏమీ కాకపోవచ్చు అని ఒకసారి అనుకుంది. అయితే అవనీ, ఆ మెత్తటి చెయ్యి ఎంత గొప్పదో బాబాయి కూడా చూస్తాడు అని ఇంకోసారి అనుకుంది. మరదలు గుడ్డను వేలికి చుట్టి, చిన్నగా అద్ది, వెంటనే తడిగుడ్డతో తుడుస్తోంది. అద్దడం, తుడవడం. ఆ లాఘవానికి పొర లేస్తోంది, రంగు నిలబడుతోంది. అంటే దీనికి ఇది కూడా దక్కుతుందా? అక్క మెడ తిప్పి అటే చూస్తూ, చెయ్యి చాచి సీసా అందుకుంది, గుడ్డ తడిపింది, తెల్లబండి లైటు మీద రుద్దడం మొదలుపెట్టింది.

"వదినా! ఎర్ర మూత!"

కేక వినబడేలోపే మరదలు మనిషే వచ్చేసింది. బకెట్లో మగ్గు ముంచి లైటు మీద కుమ్మరించింది. ఇంకో మగ్గు, ఇంకోటి. మరదలు థిన్నరు తీసినప్పుడు ఆ సీసాను తెచ్చి, రెండు బండ్లకూ మధ్యనున్న స్టూలు మీద అక్క సబ్బునీళ్ళ సీసా పక్కనే పెట్టింది. అక్క చూడకుండా దాన్ని అందుకుంది. బండి లైటు పైతొడుగు ప్లాస్టిక్‌ది, థిన్నరు పడితే పాలు విరిగినట్టు తెల్లబడిపోతుంది. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళు కొట్టి, తుడిచి, పాలిష్ రాసి మళ్ళీ తుడిచారు. ఒక అంచున ఆవిరిలాంటి మసక పట్టింది, అదీ పాలిష్‌కు దిగింది.

"వాసన వచ్చింది వదినా, లేకపోతే చూసేదాన్నే కాదు. పోనీలెండి, ఏమీ కాలేదు," అంది మరదలు రొప్పుతూ. ఆమె జడ, జాకెట్టు అంతా తడిసిపోయింది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"నా గుడ్డ!"

పరిగెత్తే తొందరలో చేతిలో ఉన్న థిన్నరు గుడ్డను ఫెండరు మీదే వదిలేసి వచ్చింది.

ఎత్తి చూసేసరికి దాని కింద రంగు పాల మీద మీగడలా ముడతలు తేలి ఉంది.

*

మరదలు ఏడుస్తుందని అక్క ఎదురుచూసింది. ఏడవలేదు. గుడ్డను చేత్తో పట్టుకుని, తలుపు తెరిచి, అంచు వైపు చూసింది, మళ్ళీ ఫెండరు వైపు చూసింది.

"అక్కడ ఏమీ కాలేదు. ఇక్కడ ఎందుకిలా అయింది వదినా? ఒకే బండి కదా?"

అక్క దగ్గర జవాబుంది. దాన్ని మింగేసి, "జరుగు," అంది. ఎన్నాళ్ళో తర్వాత తన పొట్టి పీట మీద తను కూర్చుంది.

మెత్తబడిన రంగును ముట్టుకోకూడదు, గట్టిపడనివ్వాలి. అక్క టేబులు ఫ్యాను తెప్పించి ఆ వైపు పెట్టించింది. ఆరేలోగా, మచ్చ చుట్టూ మిగిలిన సీలెంటు పొర మీద నూనె పట్టించి, పైన తడిగుడ్డ పరిచి వదిలేసింది. బాగా నానాక బొటనవేలు ఆనించి దొర్లించింది. పొర సన్నటి నల్లపోగులై వేలి కింద చుట్టుకుంది. మరదలు పక్కన కూర్చుని టార్చి పట్టుకుంది.

"ఇంతసేపు నానబెట్టాలని నాకు తెలీదు," అంది.

"తొందరగలవాళ్ళకు తెలీదు," అంది అక్క. అన్నాక ఆ ముక్క తనకే చేదుగా తగిలింది. థిన్నరు అక్కర్లేని పని అది. ఆ సంగతి పొద్దుటే చెప్పి ఉండొచ్చు.

ముడతలు ఆరాయి. సన్నటి గరుకు కాగితాన్ని సబ్బునీళ్ళలో ముంచి, చిటికెన వేలంత ముక్క పట్టుకుని, ఊపిరి బిగబట్టి సాపు చేసింది. తర్వాత పాలిష్. మధ్యలో మరదలు టార్చి ఎక్కడ పట్టాలో అడక్కుండానే పట్టేది. అక్క వేలు ఎక్కడికి పోతే వెలుగు అక్కడికి ముందే వచ్చి ఉండేది. ఇంత బాగా పట్టకపోతేనేం అనుకుంది అక్క. నిలువుగా చూస్తే ఫెండరు బాగుపడింది. తలుపు దగ్గర నిలబడి వాలుగా చూస్తే మాత్రం, అద్దం మీద ఎవరో ఊపిరి వదిలినట్టు ఒక నీడ. నల్లబండి మీద అది దాగేది కాదు.

పొద్దు వాలుతుండగా తమ్ముడూ, డ్రైవరూ దాదాపు ఒకేసారి వచ్చారు. డ్రైవరు సరాసరి తలుపు దగ్గరకే వచ్చి నిలబడ్డాడు. ఆయన నవ్వు సగంలోనే నిలిచిపోయింది.

"ఇదేంటిది?"

తమ్ముడు వంగి చూశాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. "ఎవరు చేశారు?"

"నేనేనండీ," అంది మరదలు. "థిన్నరు గుడ్డ పెట్టి మరిచిపోయాను. వదిన చాలావరకు సరిచేశారు."

అంతే. తెల్లబండి మాట ఎత్తలేదు, ఎర్ర మూత మాట ఎత్తలేదు, పరిగెత్తిన మాట ఎత్తలేదు. తల వంచుకుని, తడి ఆరని జడ ముందుకేసుకుని నిలబడింది. డ్రైవరు కోపం అప్పుడే సగం దిగిపోయింది. "పోనీలేమ్మా, చిన్నపిల్లవి," అనబోతున్నట్టు ఆయన మొహం మెత్తబడటం అక్క చూసింది.

ఆమెకు భగ్గుమంది. చెయ్యి దానిదే మెత్తన, మాట దానిదే మెత్తన, ఇప్పుడు తప్పు మీద వేసుకోవడంలో కూడా అదే ముందా? ఇంత మంచితనం ఒక్క మనిషికి దేనికి? తనకు ఒక్క ముక్కైనా మిగల్చదా?

అంతలో తమ్ముడు నిట్టూర్చి, "తెల్లబండి చుట్టూ ఈ నీళ్ళేంటి? అక్కా, కళ్ళు కనపడక ఏ సీసా అయినా..." అన్నాడు.

"కళ్ళు కాదురా!" అక్క గొంతు షెడ్డంతా మోగింది. "కళ్ళు బాగానే ఉన్నాయి. దాన్నే చూస్తున్నాను, అందుకే సీసా చూడలేదు. ఇది మరిచిపోనూ లేదు, పాడూ లేదు. నేను లైటు మీద థిన్నరు రుద్దుతుంటే చూసి, గుడ్డ వదిలేసి నాకోసం పరిగెత్తుకొచ్చింది. ఆ ఫెండరు మీద థిన్నరు పనికిరాదని నాకు పొద్దుటే తెలుసు. అది తిరిగి రంగేసిన రేకు. నన్ను అడిగింది కూడా. నేను చెప్పలేదు."

తమ్ముడు ఫెండరు వదిలి అక్క వైపు తిరిగాడు.

"ఎందుకు చెప్పలేదక్కా?" అన్నాడు తమ్ముడు, నిజంగానే అర్థంకాక.

"ఎందుకేంటిరా, కుళ్ళు," అంది అక్క. "నా మూల, నా బద్ద, నా పీట. నువ్వెత్తి ఇచ్చేస్తే నాకు కుళ్ళు ఉండదా?"

డ్రైవరు గాభరాగా రోడ్డు వైపు చూసి, రెండు చేతులూ ఆడించాడు.

"అమ్మాయ్, అమ్మాయ్! రంగేసిన రేకు అని అంత గట్టిగా అరవకు తల్లీ. డాక్టరుగారు ఈ వీధిలోనే నడకకు వస్తారు!" గొంతు తగ్గించాడు. "నేనూ చెప్పాల్సింది. మీ నాన్న ఉంటే తనే చూసుకునేవాడని మాట్లాడకుండా వెళ్ళిపోయాను. రేపు పొద్దున్నే వెనక సందుకు తీసుకెళ్తా. అప్పటి అబద్ధానికి ఇంకో పూత వేయిస్తే సరి."

ఆయన బండెక్కి, తలుపు వేసుకునే ముందు ఫెండరు వైపు ఒకసారి దిగులుగా చూసుకుని వెళ్ళిపోయాడు.

తమ్ముడు ఆ సాయంత్రం అక్కతో మాట్లాడలేదు. భార్యతో కూడా పెద్దగా మాట్లాడలేదు. షట్టరు దించుతూ తనలో తనే, "ఇద్దరిలో ఎవరికి బుద్ధి ఉందో నాకు తెలీటంలేదు," అన్నాడు. అక్క మెట్లెక్కుతూ మోకాలు పట్టుకుంది. నొప్పి అని మాత్రం అనలేదు. మూల పోయినట్టేనని అనుకుంది. ఇంతకుముందు కనీసం అన్యాయంగా పోయింది. ఇప్పుడు న్యాయంగానే పోయింది, అదే తేడా.

మర్నాడు ముదురు నీలం బండి ఒకటి వచ్చింది. మరదలు దాన్ని మూలకు తోసి, లైట్లు వేసి, పని మొదలుపెట్టకుండా నిలబడింది. ముందు టేబులు దగ్గరున్న స్టూలు తెచ్చి పొట్టి పీట పక్కన వేసింది.

"వదినా, ఇలా రండి. దీని సంగతి ఏమిటో చెప్పండి. మీరు చెప్పేదాకా గుడ్డ పెట్టను."

"నేను చెప్పకపోతేనో?"

"అయితే సాయంత్రందాకా ఇద్దరం ఇలాగే కూర్చుందాం. మీ తమ్ముడు వచ్చి చూస్తారు."

అక్క చేతులు ఏప్రన్‌కు తుడుచుకుని వచ్చింది. బండి చుట్టూ తిరిగింది. వెనక తలుపు ఒకసారి మార్చారని చెప్పింది. డిక్కీ మూత తిరిగి రంగేసిందని, బానెట్ కంపెనీదేనని, ఎడమ అద్దం దగ్గర నాన్న దిద్దిన గీత ఉందని, అక్కడ గట్టిగా రుద్దితే పైకి తేలుతుందని చెప్పింది. చెబుతున్నకొద్దీ ఆమెకు తెలియకుండానే గొంతు పెరిగింది. మరదలు ఒక్కో చోటా వేలితో తడిమి చూస్తూ వింటోంది. ఆ బొటనవేలి మీద అప్పుడే చిన్న కాయ లేస్తోంది. ఇంకో ఏడాదికి అది నున్నబడుతుంది. గాజుగ్లాసు మీద ముద్ర పడదు.

అక్క ఆ వేలివైపు కాసేపు చూసింది. తర్వాత స్టూలు మరదలి వైపు తోసి, తన పొట్టి పీటను ట్యూబులైట్ల కిందకు ఒక జానెడు ముందుకు జరుపుకుని కూర్చుంది.